అటకెక్కని మొక్కలు: హెర్బేరియం గురించి పాఠకుల ప్రశ్నలు

మొక్కలను సేకరించి, అదిమి ఆరబెట్టి, అట్టలకు అతికించి, వివరాలు రాసి దాచుకునే భాండారాన్ని హెర్బేరియం అంటారు. దాని తయారీ గురించి వచ్చిన ఉత్తరాలలో ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని ఈ నెల శీర్షికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా కళాశాలలో ఈ సెమిస్టరుకు ఇరవై అయిదు హెర్బేరియం షీట్లు చేసి ఇవ్వమన్నారు. మొక్కలో ఏ భాగం కోయాలి? ఒక కొమ్మ, నాలుగు ఆకులు ఉంటే సరిపోదా?
— బి.ఎస్సీ. విద్యార్థిని, అనంతపురం

జవాబు: సరిపోదమ్మా. మొక్కల వర్గీకరణ పద్దెనిమిదో శతాబ్దపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కాలం నుంచీ ప్రధానంగా పువ్వు మీద, కాయ మీద ఆధారపడి నడుస్తున్నది కనుక, ఆ రెండింటిలో కనీసం ఒకటైనా లేని కొమ్మను చూసి పేరు చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. మొగ్గ, విచ్చిన పువ్వు, పిందె, ముదిరిన కాయ అన్నీ ఉన్న కొమ్మ దొరికితే అంతకన్న అదృష్టం లేదు. గునుగు, తుమ్మి, ఉత్తరేణి వంటి చిన్న మొక్కలనైతే వేళ్ళతో సహా తవ్వి తీయాలి. చేత్తో లాగితే వేరు తెగి నేలలోనే ఉండిపోతుంది, దుంప ఉన్న మొక్కలలో అసలు ఆధారమే పోతుంది. మట్టిని నీళ్ళలో కడిగి, తడి తుడిచి, అప్పుడు కాగితంలో పెట్టండి.

చెట్లు, పొదల విషయానికి వస్తే సుమారు అడుగు పొడవు కొమ్మ చాలు. మన దేశంలో వాడే హెర్బేరియం అట్ట సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కోసే ముందే ఆ కొలత కళ్ళ ముందు పెట్టుకుంటే తరువాత ఇబ్బంది పడరు. కొమ్మ మరీ గుబురుగా ఉంటే కొన్ని ఆకులను తీసేయవచ్చు, కాని కాడ మొదలు కనబడేలా వదిలి కత్తిరించాలి. అక్కడ ఆకు ఉండేదనీ, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయో ఒకదాని తరువాత ఒకటి ఉన్నాయో చూసేవారికి తెలియాలి గదా. కనీసం ఒక ఆకును తిరగేసి పెట్టండి. నూగు, గ్రంథులు, ఈనెల తీరు వంటి లక్షణాలు చాలా మొక్కలలో ఆకు అడుగుభాగానే తేటగా కనిపిస్తాయి, అట్టకు అతికించాక ఆకును తిప్పి చూడడం కుదరదు.

మన ప్రాంతపు చెట్లలో ఒక చిక్కు ఉన్నది. మోదుగు, బూరుగు ఆకులు రాల్చి పూస్తాయి. పూసినప్పుడు కోస్తే ఆకు ఉండదు, ఆకు వచ్చేసరికి పువ్వు ఉండదు. అలాంటి చెట్టుకు గుర్తు కట్టి పూల కాలంలో ఒకసారి, ఆకుల కాలంలో మరొకసారి వెళ్ళి, రెండు సేకరణలకు రెండు వేరు వేరు సంఖ్యలు ఇచ్చి, ఒకదాని వివరాలలో రెండోదాని సంఖ్యను ప్రస్తావించాలి. ఒకే చెట్టు గదా అని ఒకే సంఖ్య ఇవ్వకూడదు. సేకరణ సంఖ్య ఒక చోట, ఒక రోజు, ఒక మొక్క నుంచి తీసిన నమూనాకు మాత్రమే చెందుతుంది. తాటి, ఈత వంటి వాటిలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు కనుక వాటికీ ఇదే నియమం.

ఇరవై అయిదు షీట్ల కోసం అడవులు పట్టుకు తిరగవలసిన పని లేదు. వర్షాకాలం చివర కళాశాల ప్రహరీగోడ పక్కన, చెరువు గట్టున, బీడు పొలంలో వెదికితే అంతకు రెట్టింపు రకాలు దొరుకుతాయి. పొలం యజమానిని మాత్రం ముందుగా అడగండి. వయ్యారిభామను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కొందరికి చర్మం దద్దురులు లేస్తుంది. దురదగొండి కాయల సంగతి చెప్పనక్కరలేదనుకుంటాను.

ప్రశ్న: మాది ఏజెన్సీ ప్రాంతం. జూలైలో కోసిన నమూనాలు ఎన్ని కాగితాల మధ్య పెట్టినా నల్లబడుతున్నాయి, కొన్నింటికి బూజు పట్టింది. ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టవచ్చునా?
— జూనియర్ లెక్చరర్, పాడేరు

జవాబు: మీ చేతిలో తప్పేమీ లేదు, మీ ఊరి గాలిలో తడి ఎక్కువ. ఆకు నెమ్మదిగా చస్తున్నంత సేపూ దానిలోని రసాయన క్రియలు సాగుతూనే ఉంటాయి, నలుపు వాటి ఫలితమే. ఎంత త్వరగా నీరు పోతే రంగు అంత నిలుస్తుంది. కాగితాల సంఖ్య పెంచడం కన్న వాటిని మార్చే వేగం పెంచడం ముఖ్యం. మొదటి రోజు గడిచాక ప్రెస్ (మొక్కలను కాగితాల మధ్య అదిమి బిగించే చట్రం) విప్పి చూస్తే మొక్క మెత్తబడి చెప్పినట్లు వింటుంది. మడత పడిన ఆకులను సరిచేయడానికి, పువ్వును విప్పి పరచడానికి అదే సరైన అదను. అప్పుడు తడి కాగితాలు తీసి పొడివి వేయాలి, తరువాత మూడు నాలుగు రోజులు రోజూ, ఆపైన రోజు విడిచి రోజు మార్చాలి. మైదానంలో వారం పది రోజులలో ఆరిపోయేది మీ దగ్గర ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. తీసిన తడి కాగితాలను పొయ్యి దగ్గర ఆరబెట్టి మళ్ళీ వాడుకోండి. దినపత్రిక కాగితం పనికివస్తుంది, నున్నటి రంగుల అనుబంధాలు మాత్రం నీటిని పీల్చవు.

వేడి వాడాలనుకుంటే ఇస్త్రీ పెట్టె కన్న మంచి ఉపాయం ఉన్నది. ఇస్త్రీ వల్ల ఆకు పైపొర ఉడికి పెళుసవుతుంది, దళసరి కాడలు లోపల పచ్చిగానే ఉండిపోతాయి. దానికి బదులు కిరాణా దుకాణంలో పారేసే అట్టపెట్టెలను ప్రెస్ కొలతకు కత్తిరించి, రెండు మూడు నమూనాల తరువాత ఒక అట్ట చొప్పున పేర్చండి. ఆ అట్ట లోపలి అలల సందులన్నీ ఒకే దిక్కుగా, వెడల్పు వైపు తెరుచుకునేలా ఉండాలి. ప్రెస్‌ను పక్కకు నిలబెట్టి కింద నుంచి వెచ్చని గాలి పోనిస్తే ఆ సందుల గుండా తడి పైకి పోతుంది. వేడి 45, 50 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోండి. పూర్వం ఒక చెక్కపెట్టెలో రెండు అరవై వాట్ల బల్బులు వెలిగిస్తే సరిపోయేది. ఇప్పుడు ఇళ్ళలో ఉన్న ఎల్.ఇ.డి. బల్బులు వెలుగే తప్ప పనికివచ్చేంత వేడి ఇవ్వవు కనుక పాత తీగ బల్బులను వెతుక్కోవలసి ఉంటుంది. కాగితం, వేడి ఒకచోట ఉన్నప్పుడు మనిషి దగ్గర ఉండి తీరాలి, రాత్రంతా వదిలేసి నిద్రపోవద్దు.

నాలుగైదు రోజులు అడవిలోనే ఉండవలసి వచ్చి, కాగితాలు మార్చే వీలు లేకపోతే, నమూనాలను కాగితాలలో చుట్టి, కట్టగట్టి, దళసరి పాలిథీన్ సంచిలో పెట్టి, సగానికి పైగా గాఢత ఉన్న స్పిరిట్‌తో తడిపి, గాలి చొరకుండా మూతి బిగించవచ్చు. ఇలా చేస్తే ఇంటికి వచ్చి తీరికగా ఆరబెట్టుకోవచ్చు, బూజు రాదు, ఆకులూ రాలవు. అయితే రంగులు పోతాయి, డి.ఎన్.ఎ. కూడా చెడుతుంది. డి.ఎన్.ఎ. పరిశీలన ఉద్దేశం ఉంటే స్పిరిట్ పోయకముందే ఒకటి రెండు లేత ఆకులను చింపి, తేమను పీల్చే సిలికా జెల్ గుళికలున్న చిన్న సంచిలో వేసి, అదే సంఖ్య రాసి విడిగా ఉంచండి.

నమూనా ఆరిందో లేదో తెలుసుకోవడానికి మా గురువులు నేర్పిన పద్ధతి ఇంకా పాతబడలేదు. ఆకును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్లే. కాడ పట్టుకుని ఎత్తినప్పుడు వాలిపోకుండా నిటారుగా నిలిస్తే ప్రెస్ నుంచి తీయవచ్చు.

ప్రశ్న: నెల రోజుల కిందట ప్రెస్‌లో పెట్టిన కలబంద జాతి మొక్క నిన్న విప్పి చూస్తే కొత్త చిగురు వేసింది! ఏం చేయాలి?
— పరిశోధక విద్యార్థి, కడప

జవాబు: దాని ఓపికకు నమస్కారం పెట్టి, ఈసారి ముందుగా చంపి ప్రెస్‌లో పెట్టండి. ఎడారి మొక్కలు తమలో దాచుకున్న నీటితో నెలల తరబడి బతుకుతాయి, అదమడం వాటికి ఒక లెక్క కాదు. మరుగుతున్న నీళ్ళలో ఆకులను, కాండాన్ని ఒకటి రెండు నిమిషాలు ముంచి తీస్తే కణాలు చచ్చి నీటిని వదులుతాయి. పువ్వులను మాత్రం ముంచకూడదు, అవి ఉడికి గుజ్జవుతాయి. బొమ్మజెముడు వంటి దళసరి కాండాలను నిలువుగా చీల్చి, లోపలి గుజ్జును చెంచాతో గీకి, పైతోలును ముళ్ళతో సహా ఆరబెట్టడం మేలు. దుంపలను, పెద్ద కాయలను కూడా ఇలాగే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పలుచని ముక్కలుగా కోయాలి. జెముళ్ళ పాలు కంట పడితే ప్రమాదం కనుక కోసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి. ఎన్ని పక్కలున్న కాండం, ఎంత లావు, పాలు తెల్లనివా నీళ్ళలా ఉన్నాయా అన్నవి కోయకముందే రాసుకోవాలి. ఆరిన తరువాత ఆ తోలును చూసి ఎవరూ ఊహించలేరు.

ప్రశ్న: కొల్లేరులో నీటి లోపల పెరిగే మెత్తని మొక్కలను బయటికి తీయగానే ముద్ద అయిపోతున్నాయి. తుంగ, గడ్డి జాతులేమో అట్ట కన్న పొడుగు. వీటికి వేరే పద్ధతి ఉందా?
— ప్రకృతి పరిశీలకుడు, ఏలూరు

జవాబు: నీటి మొక్కను నీటిలోనే పరచాలి. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మొక్కను తేలనిచ్చి, దాని కిందికి ఒక దళసరి తెల్ల కాగితాన్ని జొనిపి, ఆకులు వాటంతట అవే విచ్చుకున్నప్పుడు కాగితాన్ని ఒక పక్క నుంచి మెల్లగా పైకెత్తండి. నీరు జారిపోయి మొక్క కాగితానికి అంటుకుపోతుంది. ఆ కాగితంతోనే ప్రెస్‌లో పెట్టి, పైన ఒక పలుచని నూలు గుడ్డ కప్పితే పై కాగితానికి అంటదు. గడ్డిని కోయకుండా మడవాలి, పొడుగును బట్టి ఒక మడతో, రెండు మడతలో, మూడు మడతలో పడతాయి. మడత విచ్చుకోకుండా చిన్న కాగితం ముక్కను చీల్చి ఆ చీలికలో దూర్చండి. గడ్డికి, తుంగకు నేలలోని భాగం తప్పనిసరి.

ప్రశ్న: ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే చోటు, తేదీ, సమయం అన్నీ దానిలోనే నమోదవుతాయి. అలాంటప్పుడు పిల్లల చేత ఫీల్డ్ నోట్‌బుక్కు, లేబులు అంటూ అంత రాయించడం అవసరమా?
— వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: అయ్యా, నా అభిప్రాయంలో మొత్తం పనిలో అవసరమైనది ఇదే, తక్కినవన్నీ దీని తరువాతే. ఆరబెట్టడంలో లోపం ఉన్నా, రంగు పోయినా, పేరు తెలియకపోయినా ఒక నమూనాకు విలువ ఉంటుంది. పేరు నూరేళ్ళ తరువాత వచ్చినవారైనా పెట్టగలరు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారో రాయని నమూనాను మాత్రం ఎంతటి పండితుడూ బాగుచేయలేడు. ఫొటో తీయవద్దని నేననను, తీయండి. కాని ఫోన్ పోతే పోయే సమాచారం లేబులు మీద ఉంటే అట్ట ఉన్నంత కాలం ఉంటుంది. పైగా వాసన, బెరడు తీరు, కాడ విరిస్తే కారే పాలు, చెట్టు ఎత్తు ఫొటోకు అందవు.

రాయవలసిన తీరు గురించి కొంచెం వివరంగా చెబుతాను. నోట్‌బుక్కులో పెన్సిలుతోనే రాయించండి, వానలో సిరా కరిగిపోతుంది. మొక్క ముందు నిలబడి ఉన్నప్పుడే రాయాలి, సాయంత్రం బసకు వచ్చి గుర్తు తెచ్చుకుని రాసేది సగం కల్పన. అక్కడికక్కడే నమూనాకు సంఖ్య ఉన్న చీటీ కట్టి, అదే సంఖ్యను పుస్తకంలో ఎక్కించాలి. చోటు రాసేటప్పుడు “నల్లమల” అనో “ఖమ్మం జిల్లా” అనో రాస్తే ఏమీ చెప్పనట్లే. ఏ ఊరు, ఆ ఊరి నుంచి ఏ దిక్కున ఎంత దూరం, వాగు ఒడ్డా, రాతి నెర్రెనా, పొలం గట్టా అని రాసి, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు చేర్చాలి. డిగ్రీలలో దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెలు రాస్తే సుమారు పదకొండు మీటర్ల లోపు చోటు తెలుస్తుంది. ఊరి పేరూ, అంకెలూ రెండూ ఎందుకంటే, తెలంగాణలో 2016లోనూ ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు మారిన తీరు మీరు చూసినదే. పాత లేబుళ్ళ మీద ఒక్క జిల్లా పేరే ఉన్న నమూనాలు ఇప్పుడు ఏ జిల్లా కిందికి వస్తాయో తేల్చుకోలేక తలపట్టుకున్నవారిని నేనెరుగుదును. తేదీలో నెలను రోమన్ అంకెల్లో గానీ పేరుతో గానీ రాయించండి. 5-8 అంటే మనకు ఆగస్టు అయిదు, అమెరికాలో చదివేవారికి మే ఎనిమిది.

ఇక స్థానిక నామం. ఎవరు చెప్పారో వారి మాటలోనే, తెలుగు లిపిలో కూడా రాయించండి. ఇంగ్లీషు లిపిలో మాత్రమే రాస్తే ‘ట’ కు ‘త’ కు, ‘ల’ కు ‘ళ’ కు తేడా పోయి కొన్నాళ్ళకు పేరే గుర్తుపట్టలేకుండా అవుతుంది. ఒక పేరు రెండు మొక్కలకు ఉండవచ్చు. గలిజేరు అని కొందరు పిలిచే మొక్క, మరికొందరు ఆ పేరుతోనే పిలిచే అటికమామిడి వేర్వేరు ప్రజాతులు. మందు కోసం ఒకదానికి బదులు ఇంకొకటి కోసుకునేవారూ ఉన్నారు. ఆ గందరగోళాన్ని విప్పేది పేరుతో పాటు నిలిచిన నమూనాయే.

స్థానిక నామం రాయడం మన నేలలో కొత్త పని కాదు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 మొదలు లండన్‌లో అచ్చయిన తన మూడు వందల చిత్రపటాల గ్రంథంలో, తెలుగువారు ఆ మొక్కను ఏమంటారో చాలాచోట్ల నమోదు చేశాడు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టును ఆయన ఆ పేరుతోనే ప్రస్తావించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టును ప్రత్యేక ప్రజాతిగా వేరు చేసినప్పుడు ఆ తెలుగు మాటే ‘సోయ్‌మిడా’ అనే లాటిన్ పేరయింది. ఎవరో తెలుగు మనిషి అడిగితే చెప్పిన మాట అది. చెప్పిన మనిషి ఎవరో మనకు తెలియదు, మీ పిల్లలు మాత్రం చెప్పినవారి పేరు కూడా రాసేలా చూడండి.

రాసిన దానివల్ల ఎప్పుడు ఏ ఉపయోగం కలుగుతుందో రాసేటప్పుడు తెలియదు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనం చేసిన తెగులు ఏ రకానికి చెందినదో 2013లో తేలింది. పందొమ్మిదో శతాబ్దంలో తెగులు సోకిన ఆకులను కోసి, చోటూ తేదీ రాసి దాచిన నమూనాలు లండన్‌లోని క్యూ వృక్షోద్యానంలోనూ జర్మనీలోని మ్యూనిక్‌లోనూ ఉండబట్టి, వాటి నుంచి డి.ఎన్.ఎ. తీసి చూడగలిగారు. కోసినవారికి డి.ఎన్.ఎ. అన్న మాటే తెలియదు.

పేరు తెలియనప్పుడు ఆ మొక్క ఏ వృక్ష కుటుంబానికి చెందినదో అంతవరకైనా రాసి ఆగమనండి. ఫోన్ యాప్ చెప్పిన పేరును లేబులెక్కించవద్దు. ఆ పేరును ఆధారంగా తీసుకుని, గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథంతోనూ, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారి డిజిటల్ హెర్బేరియంతోనూ పోల్చుకుని, చివరకు ఒక హెర్బేరియంలోని నమూనా పక్కన పెట్టి చూశాకే రాయాలి.

ప్రశ్న: మా ప్రయోగశాలలో షీట్లకు పురుగు పడుతున్నది. పాత పద్ధతిలో మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణంలో ముంచమని ఒకరు, వేపాకు చాలునని ఒకరు అంటున్నారు. అతికించడానికి ఏ జిగురు మంచిది?
— ల్యాబ్ అసిస్టెంటు, వరంగల్లు

జవాబు: మెర్క్యురిక్ క్లోరైడు జోలికి వెళ్ళవద్దు. అది పాదరసపు విషం. స్పిరిట్‌లో కలిపి నమూనాలను ముంచే అలవాటు చాలాకాలం ఉండేది, పురుగు చావడమూ నిజమే. కాని ఆ పాదరసం ఎక్కడికీ పోదు. దశాబ్దాల తరువాత కూడా కాగితాన్ని నల్లగా మరకలు చేస్తూ, ఆవిరిగా బీరువాలో నిలుస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కళాశాలలో ఆ ద్రావణపు తొట్టి పక్కనే టీ గ్లాసులు పెట్టుకునేవాళ్ళం. ఎవరూ వద్దని చెప్పలేదు, తెలిసినవారు లేరు. మీ దగ్గర పాత షీట్లు ఉండి, వాటి మీద విషం పూసినట్లు ముద్ర ఉన్నా, ముద్ర లేకపోయినా, చేతికి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి ముట్టుకోండి. బీరువా తెరిచిన వెంటనే తల లోపలికి పెట్టవద్దు.

వేపాకు, కర్పూరం, కలరా ఉండలు పురుగును కొంతవరకు దూరంగా ఉంచగలవు గాని, ఆకులోపల దాగిన గుడ్డును చంపలేవు. కలరా ఉండల ఆవిరి మనుషులకూ మంచిది కాదు. షీట్లను తినేది ముఖ్యంగా సిగరెట్ బీటిల్, డ్రగ్‌స్టోర్ బీటిల్ అనే చిన్న గోధుమరంగు పెంకు పురుగులు. పొగాకులో, వంటింటి ధనియాలలో కనిపించేవి కూడా అవే. వీటికి సరైన మందు చలి. షీట్ల కట్టను పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి తీసి, గట్టిగా మూసి, ఫ్రీజరులో సున్నాకు దిగువ 18, 20 డిగ్రీల దగ్గర ఒక వారం ఉంచండి. తీశాక వెంటనే సంచి విప్పకూడదు. ఒక రోజు గదిలో అలాగే ఉంచితే లోపలి చల్లని కాగితం మీద తేమ పట్టదు. కొత్తగా వచ్చే ప్రతి నమూనానూ బీరువాలోకి చేర్చే ముందు ఇలా చేయడం, బీరువా తలుపు సందు లేకుండా మూసుకోవడం, గదిలో తేమ తగ్గించడం జరిగితే విషం అవసరమే రాదు.

జిగురు విషయంలో పూర్వులు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. ఇప్పుడు మిథైల్ సెల్యులోజ్ దొరికితే అది మేలు, నీళ్ళతో తడిపితే ఊడివస్తుంది. ఫెవికాల్ గట్టిదే గాని, రేపు ఒక పువ్వును విప్పి చూడాలంటే ఊడదు కనుక మొక్క అంతటికీ పూయకుండా అక్కడక్కడ చుక్కలుగా వాడండి. లావు కాడలను దారంతో కుట్టండి. సెల్లోటేపు మాత్రం వద్దే వద్దు. కొన్నేళ్ళకు అది పసుపు రంగుకు తిరిగి, జిగురు ఎండి, మొక్కను వదిలేసి అట్టను మాత్రం పట్టుకుంటుంది. లేబులు కుడి పక్క కింది మూలన, రాలిన పువ్వులు గింజలు వేసేందుకు చిన్న కాగితపు పొట్లం పై భాగాన అతికించడం వాడుక.

ప్రశ్న: శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కొమ్మ, ఇతర అరుదైన మొక్కలు కోసుకురావచ్చా? చదువు కోసమే గదా.
— ఎం.ఎస్సీ. విద్యార్థి, తిరుపతి

జవాబు: చదువు కోసమైనా అనుమతి లేకుండా కుదరదు. రిజర్వు అడవులలో అటవీశాఖ అనుమతి, జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలు, పులుల అభయారణ్యాలలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాకెక్కిన మొక్కలను కోయడాన్ని నిషేధించింది. శేషాచలం కొండలలో ఉండే సైకస్ బెడ్డోమీ ఆ జాబితాలోనిదే. చదువుకు, పరిశోధనకు, శాస్త్రీయ సంస్థల హెర్బేరియంకు సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వపు ముందస్తు ఆమోదంతో అనుమతి పత్రం ఇచ్చే వీలును అదే చట్టం కల్పించింది. కనుక మీ విభాగాధిపతి ద్వారా దరఖాస్తు చేయించండి. ఎర్రచందనం కొమ్మ సంచిలో పెట్టుకుని చెక్‌పోస్టు దగ్గర చదువు సంగతి చెప్పబోతే ఎవరూ నమ్మరు, నమ్మవలసిన అవసరమూ వారికి లేదు.

అనుమతి ఉన్నచోట కూడా ఇరవై మొక్కలు కనబడితే ఒకదానికి మించి తీయకూడదన్నది సేకర్తలు పాటించే కొలత. రెండో మూడో ఉంటే ఫొటో తీసి, చోటు రాసుకుని, మొక్కను అక్కడే వదిలి రండి. దారిన పోయేవారికి ఆ చోటు చెప్పకండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. సెలవులకు వచ్చినప్పుడు మా ఊరి మొక్కలను ఆరబెట్టి ఇక్కడి విశ్వవిద్యాలయ మిత్రుల పరిశోధనకు తెచ్చి ఇవ్వవచ్చునా?
— ప్రవాస పాఠకురాలు

జవాబు: నేరుగా తీసుకువెళ్ళవద్దు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పరిశోధన కోసం ఇక్కడి జీవవనరులను తీసుకోవడానికి విదేశీయులకే కాక ప్రవాస భారతీయులకు కూడా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. అమెరికాలో దిగాక అక్కడి వ్యవసాయ శాఖ తనిఖీ వేరే ఉంటుంది. మీ మిత్రులు ఇక్కడి హెర్బేరియంతో సంస్థ నుంచి సంస్థకు ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడమే సవ్యమైన దారి. మీరు ఊరికి వచ్చినప్పుడు ఇక్కడి కళాశాల పిల్లలతో కలిసి తిరిగి, పెద్దవారు చెప్పే పేర్లు రాసి పెట్టగలిగితే అంతకన్న పెద్ద సాయం ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారు కర్నూలులో వృక్షశాస్త్రం బోధించేవారు. ఆయన పోయాక అటక మీద ఒక ట్రంకు పెట్టెలో 1970లలో సేకరించిన మూడు వందల పైచిలుకు నమూనాలు దొరికాయి. కొన్నింటిని పురుగు తిన్నది. సగం పాత దినపత్రికల మధ్యే ఉన్నాయి, అతికించలేదు. వీటికి ఇప్పుడు విలువ ఉంటుందా? కొత్త అట్టల మీదికి మార్చమంటారా?
— పాఠకుడు, కర్నూలు

జవాబు: దయచేసి ఏదీ మార్చవద్దు, ఏదీ పారేయవద్దు. పురుగు తిన్న నమూనాలో ఒక ఆకు, ఒక కాయ మిగిలినా చాలు. నాన్నగారి చేతిరాత చీటీలు, నమూనాల మీద కట్టిన సంఖ్యలు ఏ కాగితంలో ఉన్నవి ఆ కాగితంలోనే ఉండనివ్వండి. చక్కదిద్దుదామని ఒకచోట పోగు చేస్తే ఏ చీటీ ఏ మొక్కదో ఇక తెలియదు. ఆ దినపత్రికలను కూడా ఉంచండి. చీటీ ఊడిన నమూనా ఏ రోజుల్లోనిదో ఆ పత్రిక మీది తేదీ కొంతవరకు చెబుతుంది. ఆ కాలంలో పాదరసపు విషం వాడుక ఎక్కువ కనుక తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలను ఆ గదిలోకి రానివ్వవద్దు. ఆహారం పెట్టే ఇంటి ఫ్రిజ్‌లో వీటిని ఉంచకూడదు, పురుగును చంపే పని తీసుకునే సంస్థ చేసుకుంటుంది.

తరువాత పెట్టెనూ ఇంటినీ ఇంకోసారి వెతకండి, ఈసారి మొక్కల కోసం కాదు. సంఖ్యల వరుసతో పెన్సిలు రాతలున్న చిన్న పుస్తకాలు ఎక్కడో ఉండి తీరాలి. డైరీలా ఉండవచ్చు, లెక్కల పుస్తకంలా ఉండవచ్చు. చీటీ మీద సంఖ్య ఒక్కటే ఉన్న నమూనాకు ఆ పుస్తకమే ప్రాణం. అది దొరికాక నమూనాలతో కలిపి విశ్వవిద్యాలయ హెర్బేరియంకు గానీ, హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి గానీ రాయండి. ఇచ్చేటప్పుడు సేకర్తగా నాన్నగారి పేరు ప్రతి అట్ట మీదా నిలిచేలా అడగడం మీ హక్కు. ఆయన రాసిన పాత పేర్లను కొట్టివేయరు. కొత్తగా గుర్తించినవారు తమ పేరు, తేదీ వేసి పక్కన వేరే చీటీ అతికిస్తారు.

మీ ఉత్తరంలో లేబుళ్ళ మీద సంగమేశ్వరం చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు చాలా ఉన్నాయని రాశారు. ఆ నేల ఇప్పుడు ఏటా నెలల తరబడి శ్రీశైలం జలాశయం నీటి కింద ఉంటున్నది. డ్యాము నిండక ముందు ఆ కృష్ణా ఒడ్డున ఏ మొక్కలు పెరిగేవో మళ్ళీ వెళ్ళి చూసి రావడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ నమూనాలను ముందుగా విడదీసి, పైన పెట్టి పంపండి.